మూడో తొట్టి గురించి రాసిన ఉత్తరం

ఆ బడిలో సోషల్ చెప్పే టీచరుకు పిల్లలు పెట్టిన పేరు ‘ఎక్కడిది టీచర్’. పెట్టక ఏం చేస్తారు? క్లాసులో అడుగు పెడుతూనే ఎవడి చేతిలోంచో పెన్సిలు లాక్కునేది.

“ఇది ఎక్కడిదిరా?”

“కొట్లోదండీ.”

“కొట్లోకి ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆ కర్ర ఏ అడవిది? చెట్టు కొట్టినవాడికి కూలి సరిగ్గా ముట్టిందా?”

వాడు బిక్కమొహం వేసేవాడు. మిగతావాళ్ళు పకపకా నవ్వేవాళ్ళు. కానీ ఆ నవ్వుల్లోనే చొక్కా గుండీ ఏ దేశంలో తయారైందో, ఫోన్‌లోని లోహం ఎవరు తవ్వారో, పారేసిన చెత్త ఎవరి గుమ్మం ముందు తేలుతుందో తెలుసుకునేవాళ్ళు. పుస్తకంలో ప్రపంచ న్యాయం, సుస్థిర అభివృద్ధి అని బండరాళ్ళలాంటి మాటలున్నాయి. వాటిని పిల్లల నోట్లో కుక్కితే పరీక్ష గట్టెక్కుతారు, అంతే. ఆవిడకు అది చాలదు. ఇరవై ఆరేళ్ళుగా అదే పట్టు.

ఇంట్లోనూ అదే వరస. పెళ్ళి మాట ఎత్తనివ్వకుండా యాభై ఏళ్ళ దగ్గరికి వచ్చేసిన మనిషి. రెండు గదుల ఇంట్లో అక్కతో కాపురం. అక్క బట్టలు కుడుతుంది, నోరు కాస్త పెద్దది. కంచం ముందు కూర్చుని చెల్లెలు ఆలోచనలో పడిందంటే చాలు, “ముందు తినవే తల్లీ, అది ఎక్కడ పండిందో తర్వాత విచారిద్దువుగాని” అనేది.

ఆ ఊరికి బతుకుతెరువు రంగుల కార్ఖానాలే. తువ్వాళ్ళు, దుప్పట్లు అక్కడ రంగు పడి ఓడలెక్కి ఎక్కడెక్కడికో పోతాయి. రంగు నీళ్ళు మాత్రం ఎక్కడికీ పోవు. బడి వెనక కాలువలోకి వస్తాయి. ఒకరోజు ఎరుపు, ఒకరోజు నీలం. కిటికీలోంచి కాలువను చూసి, కార్ఖానాలో ఏ సరుకు నడుస్తోందో పిల్లలు ఠక్కున చెప్పేసేవాళ్ళు. క్లాసులో సగం మంది నాన్నలు ఆ రంగు తొట్ల దగ్గరే పనిచేసేవాళ్ళు మరి.

ఆ ఏడాది పదో తరగతిలో ఒక పిల్ల ఉండేది. పొడుగ్గా ఉంటుందని అందరూ పొడుగుపిల్ల అనేవాళ్ళు. తండ్రి పెద్ద కార్ఖానాలో మూడో తొట్టి మేస్త్రి. ఏ టీచరుకైనా జన్మకో పిల్ల దొరుకుతుందే, చెప్పింది చెప్పినట్టు కాకుండా దాని వెనక ఏముందో అడిగే పిల్ల, అలాంటిది. ఆవిడ ఆ పిల్ల మీద ప్రాణం పెట్టుకుంది. దాచుకోవడం కూడా చేతకాలేదు.

ఒకనాడు టీచరు ఒక తువ్వాలు తెచ్చి, లేబుల్ మీదున్న విదేశీ కంపెనీ పేరు బోర్డు మీద రాసింది. “ఇది కొనుక్కునే వాళ్ళకి మన కాలువ సంగతి తెలుసా? తెలీదు. మీరు చెప్పండి. ఉత్తరం రాయండి” అంది.

ఉత్తరానికి ఆవిడ మార్కులు వేసే పద్ధతి బడి మొత్తానికీ తెలుసు. తేదీ, స్థలం, పేర్లు, పూర్తి వివరాలు ఉండాలి. “ఎవరో ఎక్కడో ఏదో చేశారు అని రాస్తే సున్నా” అనేది. పొడుగుపిల్ల ఆ మాట తు.చ. తప్పలేదు. కార్ఖానా పేరు రాసింది. కాలువలోకి ఏ గొట్టం ఏ గంటకు తెరుస్తారో రాసింది. ‘ఈ విషయాలు నాకు మూడో తొట్టి దగ్గర పనిచేసే మా నాన్న చెప్పారు’ అని కూడా రాసింది.

టీచరు చదివి మురిసిపోయింది. పదికి పది వేసింది. రెండు వాక్యాలు దిద్ది, స్వయంగా తపాలా ఆఫీసుకు వెళ్ళి పంపించి వచ్చింది. ఆ ఒక్క వాక్యం కొట్టేయాలని ఆవిడకు తోచనే లేదు. వివరాలున్న ఉత్తరం కదా, మంచి ఉత్తరం!

రెండు నెలలకు జవాబొచ్చింది. నున్నటి కాగితం, కింద సంతకం. ‘మీ విద్యార్థుల ధైర్యానికి అభినందనలు. ఆ కార్ఖానాతో మా సంబంధాలు తెంచుకున్నాం.’ హెడ్ మాస్టారు ప్రార్థన సమయంలో చదివి వినిపించారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ రోజు టీచరు కాళ్ళు నేల మీద లేవు.

చప్పట్ల చప్పుడు ఆగి వారం కాలేదు, కార్ఖానాలో అరవై మందిని ఇంటికి పంపారు. అందరికంటే ముందు మూడో తొట్టి మేస్త్రిని. ఉత్తరం నకలు కంపెనీ నుంచి యజమానికీ చేరింది మరి. గొట్టానికి మాత్రం ఏమీ కాలేదు. ఏమీ అడగని బేరగాడు ఇంకొకడు దొరికాడు యజమానికి. సగం మందితోనే పని నడిపించాడు, కాలువ రంగు ఎప్పటిలాగే మారుతూ వచ్చింది.

పొడుగుపిల్ల బడి మానేసింది. వీధి కుళాయి దగ్గరికి నీళ్ళకు వెళ్తే, “ఏమ్మా, ఇంకా ఎవరికైనా రాసేది ఉందా?” అని ఆడవాళ్ళు దెప్పుతున్నారని పిల్లలు వచ్చి చెప్పారు. టీచరుకు అన్నం సహించలేదు. పబ్లిక్ పరీక్షకు ఇంకా మూడు నెలలే ఉంది. ఆ పిల్ల చదువు ఆగిపోతే తాను బతికి ఏం లాభం అనిపించింది.

ఆదివారం పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళింది. ఒకటే గది. తండ్రి గుమ్మంలో కూర్చుని పాత కుర్చీకి నవారు బిగిస్తున్నాడు. ఇరవై ఏళ్ళుగా నీలంగా ఉన్న అతని గోళ్ళకు మొదళ్ళలో తెల్లదనం వస్తోంది.

“తప్పంతా నాదే అన్నయ్యా. పిల్లని ఏమీ అనకండి. బడికి పంపండి” అంది.

అతను లేచి ఆవిడకు పీట వేశాడు. కోపంగా ఉన్నా బాగుండేది. “అమ్మాయి అబద్ధం రాసిందా టీచర్ గారూ?” అని అడిగాడు.

“లేదు.”

“మరి తప్పేముంది? దాన్ని నేనెందుకంటాను?” నవారు ఇంకో పట్టు లాగాడు. “ఆ నీళ్ళ సంగతి మాకు తెలీదా చెప్పండి? తెల్లారి లేస్తే అందులోనే కదా మేం నిలబడేది. నీళ్ళు శుభ్రం చేసే ట్యాంకు కట్టించమని రెండుసార్లు అడిగాం యజమానిని. ఈసారి అందరమూ ఒక్కటై అడుగుదామని మాట అనుకున్నాం. రోజు కూడా పెట్టుకున్నాం. ఈలోగా మీ ఉత్తరం వెళ్ళింది.”

అతను నవారు ముడి వేసి తలెత్తాడు.

“దూరాన ఉన్నవాళ్ళకి రాయించారు, మంచిదే. మేం బడికి నాలుగు వీధుల అవతలే ఉన్నాం. ఒక్కసారి మమ్మల్ని అడగాలని అనిపించలేదా అమ్మా?”

అనిపించలేదు. అదే నిజం. ఒక తొట్టి మేస్త్రి టీచరుకు తెలియనిదేదో చెప్పగలడని ఇరవై ఆరేళ్ళలో ఒక్కనాడూ అనిపించలేదు. తల కొట్టేసినట్టయింది.

లోపలి నుంచి పొడుగుపిల్ల వచ్చి తండ్రి వెనక నిలబడింది. చిక్కిపోయింది.

“వస్తాను టీచర్. పరీక్ష కూడా రాస్తాను. నాన్న రాయమంటున్నాడు” అంది. తర్వాత గోడ వైపు చూస్తూ, “మీ క్లాసులో మాత్రం కూర్చోను. మీరు పాఠం చెబుతుంటే నాకు మళ్ళీ చెయ్యెత్తి ఏదో ఒకటి అడగాలనిపిస్తుంది. నాకు భయమేస్తోంది” అంది.

“తప్పమ్మా, టీచర్‌తో అలాగేనా మాట్లాడేది?” అన్నాడు తండ్రి.

“అననివ్వండి” అంది టీచరు.

మర్నాడు హెడ్ మాస్టారి గదికి వెళ్ళి, పదో తరగతి తనకొద్దని, ఆరో తరగతి ఇమ్మని అడిగింది. ఆయన ఒంటికాలి మీద లేచారు. “పరీక్షల ముందు ఇదేం పిచ్చమ్మా? ఆరో తరగతి మాస్టారు పదో తరగతికి వస్తే నోట్సు బట్టీ పట్టించడం తప్ప ఏం చెబుతాడు?”

“బట్టీయే పట్టించనివ్వండి సార్. పిల్ల పాసవుతుంది” అంది.

రెండు రోజులు ఆయన వెంటపడి, బతిమాలి, చివరికి సరేననిపించుకుంది. గురువారం నాడు పొడుగుపిల్ల బడికి వచ్చింది.

ఆ సాయంత్రం అక్క మిషను తొక్కుతూనే అడిగింది. “వచ్చిందటే నీ పిల్ల?”

“వచ్చిందక్కా.”

“హమ్మయ్య! పలకరించిందా?”

“వరండాలో ఎదురుపడింది. నేను పక్కకి తప్పుకుని దారిచ్చాను” అని, టీచరు బల్ల మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అక్క మిషను ఆపింది. లేచి కంచంలో అన్నం పెట్టి తెచ్చి, “ముందు తినవే తల్లీ” అని అక్కడితో ఆపేసింది.