మడుగు కాపలా

దీపావళి మరునాడు ఆదోనిలో మా వీధిలోకి అడుగుపెడితే చాలు, కాలిన మందు వాసన ముక్కుకు తగిలి, నేను తుంగభద్ర ఒడ్డున మాధవరంలో తొమ్మిదేళ్ళ పిల్లనైపోతాను. పందొమ్మిది వందల యాభైలలో మా నాయన అక్కడ చేపల శాఖలో గార్డు. ఏటిలో మందు తోటాలు పేల్చి చేపల్ని చంపేవాళ్ళనూ, తొలకరికి గుడ్లతో ఎదురెక్కే చేపల్ని పట్టేవాళ్ళనూ ఆపడం ఆయన ఉద్యోగం. వెలిసిపోయిన ఖాకీ చొక్కా, ఒక కర్ర, ఏటిలో తిరగడానికి గుండ్రటి బుట్టలాంటి తోలు పుట్టి, అంతే ఆయన బలగం.

ఎండాకాలం ఏరు సన్నబడి, బండల మధ్య మడుగులే మిగిలేవి. అమ్మ జొన్నరొట్టెలు తట్టే చప్పుడుకు లేచి, చెనిక్కాయల పొడి అద్దుకుని తింటూనే ఏటికి పరుగెత్తి, నున్నటి రాళ్ళేరి అచ్చనగాయలాడి, చిన్న చేపలు కాళ్ళకు గిలిగింతలు పెడుతుంటే నీళ్ళలో నిలబడేదాన్ని. గార్డు ఇంటికి ఊరికే చేప రాకూడదని నాయన నియమం. వలలు వేసి బతికే తిమ్మక్క మాత్రం ఆయన కంటపడకుండా జెల్ల చేపను నిప్పులమీద కాల్చి నా చేతిలో పెట్టేది.

ఆ ఏడు ఉగాది వెళ్ళి, ఇంట్లో ఇంకా ఓళిగల వాసన పోకముందే, మడుగు వైపు పేలుడుకు నేల అదిరి, కాలిన మందు వాసన కొట్టింది. నాయన వెనకే పరుగెత్తాను. వేలెడంత పిల్లలతో సహా వందల చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. ఊరి పెద్దరైతు తమ్ముడు, వాళ్ళింట్లో పెండ్లి విందుకని వాటిని గంపలకెత్తిస్తున్నాడు. బండమీద వల ఆరేస్తున్న తిమ్మక్క అంతా చూసింది. నాయన గంపల్నీ, మిగిలిన తోటాల్నీ పట్టుకుని కేసు రాశాడు.

సాయంత్రం పెద్దరైతు వచ్చి మా అరుగుమీద కూర్చున్నాడు.

"ఏమప్పా, ఏటి నీళ్ళు మీ నాయన తెచ్చినాడా? ఆ కాగితం సింపేయ్."

"ఎవురి నాయనా తేలేదన్నా. అందుకే సింపను."

మర్నాటి నుంచి అంగట్లో మాకు ఉప్పు పుట్టలేదు. ఊరి బావి దగ్గర అమ్మ కడవను పక్కకు తోసేశారు. అమ్మ ఏటి ఇసుకలో చెలమ తవ్వుకుని, కడవ నింపుకుని, కావాలనే పెద్దరైతు వాకిలి ముందునుంచి నడిచివచ్చేది. వెనకాలే చిన్న బిందెతో నేను.

సాక్ష్యానికి ఎవరూ ముందుకు రాలేదు. నోరు తెరిస్తే వలలు కాల్చేస్తామని తిమ్మక్కను బెదిరించారు. ఆదోని కోర్టులో విచారణ రోజు, మేమెవరమూ ఆశ పెట్టుకోని వేళ, ఆమె నెత్తిన పెద్ద మూటతో లోపలికి వచ్చింది. అదేమిటని జడ్జి అడిగాడు.

"నా వలలు సామీ. ఊర్లో పెట్టొస్తే కాలుస్తారంట. అందుకే ఎత్తుకొచ్చినా. ఇప్పుడు సెప్తా, తోటా ఏసింది ఈయప్పే, నేను సూసినా."

పెద్దరైతు తమ్ముడికి శిక్ష పడింది. రెండు నెలలకు నాయనకు బదిలీ అయింది. సామాను బండికెత్తిన రోజు ఆయన ఖాకీ చొక్కా ఉతికించి తొడుక్కుని, బండి ముందు తలెత్తుకుని నడిచాడు.

ఈమధ్య మాధవరం వెళ్ళాను. వాలుగ చేపలు లేవు, పుట్టి నడిపేవాళ్ళు లేరు, మడుగుల చోట ఇసుక తోడిన గుంతలున్నాయి. ఒడ్డున ఇసుక లారీలు వరసగా ఆగి ఉన్నాయి.

"ఏమవ్వా, ఏం రాసుకుంటాండావు?" అని ఒక డ్రైవరు అడిగాడు.

"నీ బండి నంబరు నాయనా," అన్నాను.

మర్నాడే ఆ నంబర్లన్నీ రాసి తహసీల్దారు ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చాను. ఎవరూ పలకలేదు. పోయిన వారం మళ్ళీ ఇచ్చాను.