విరగని బండి నంబరు

సాగర్ రోడ్డు మీద పోయే బండి నంబరు చూసి, అది మొండిదో కాదో రెప్ప కొట్టేలోపు చెప్పగలిగినవాణ్ణి ఇబ్రహీంపట్నంలో నేనొక్కణ్ణే. ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ శేషం లేకుండా భాగం పోని సంఖ్యను పుస్తకాల్లో ప్రధాన సంఖ్య అంటారు. నేనూ, దర్జీ పని చేసే నా దోస్తూ దాన్ని మొండిది అనేవాళ్లం.

చేలు ప్లాట్లవుతున్న కాలం. కొంగరకలాన్ వైపు రోజూ కొత్త కార్లు. సాయంత్రం అతని దుకాణంలో కూర్చుని ఏదో ఒక నంబరు పట్టుకునేవాళ్లం. గుడ్డ మీద గీసే సుద్దముక్కతో కత్తిరింపు బల్ల మీదే భాగహారాలు. నియమం ఒకటే: లెక్క తేలేదాకా ఎవరూ లేవకూడదు.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు దుకాణం పోయింది. అతను తుర్కయాంజాల్‌లో బిడ్డ ఇంటికి వెళ్లిపోయే రోజు, కుట్టుమిషన్ ఎక్కించిన ట్రాలీ ఆటో నంబరు 9973. నేను చూడగానే మొండిదని తేల్చేశాననీ, అతను నోరు తెరిచాడనీ ఊళ్లో చాలామందికి చెప్పాను.

అంత లేదు. చూడగానే నాకేమీ తెలియలేదు.

"జర దీన్ని తేల్చిపోరా," అన్నాను.

అతను నవ్వి జేబులోంచి సుద్ద తీశాడు. ట్రాలీ పక్క రేకు మీదే వంతులవారీగా భాగించడం మొదలుపెట్టాం. మూడుతో తెగితే అక్కడే అయిపోయేది. తెగలేదు. ఏడు, పదకొండు, పదమూడు, దేనికీ లొంగలేదు. విరిగే సంఖ్య తొందరగా వదిలేస్తుంది. మొండిది చివరిదాకా కూర్చోబెడుతుంది. వందను వందతో గుణిస్తే పదివేలు, మన నంబరు అంతకు తక్కువ, కాబట్టి తొంభై ఏడు దాకా చూస్తే చాలు. ఇంకా ముందుకు పోవాల్సి ఉంటే బాగుండుననిపించింది.

"ఓ బాపు, ఇంకెంతసేపు? నాకు ఎల్బీనగర్ల కిరాయి ఉన్నది," అన్నాడు ఆటో అతను.

తొంభై ఏడుతోనూ తెగలేదు. దోస్తు చేతుల సుద్ద దులుపుకుని ఆటో ఎక్కాడు.

ఇప్పుడు వెడల్పయిన రోడ్డు మీద బండ్లు నంబరు అందనంత వేగంగా పోతాయి. అందినా ఎవరితో కూర్చోవాలి? ఇంట్లో ఒక్కణ్ణే ఆ 9973ని గెలుకుతుంటే ఒకటి దొరికింది. ఎనభై రెండును దానితోనే, యాభై ఏడును దానితోనే గుణించి రెండూ కలిపితే సరిగ్గా అదే. ఎవరూ విరవలేని సంఖ్యను రెండు వర్గాలు కలిసి నిలబెడుతున్నాయి. అలాంటి జత దానికి మరొకటి లేదు.

ఆ సాకుతో షేర్ ఆటో ఎక్కి తుర్కయాంజాల్ పోయాను. అపార్ట్‌మెంట్ బాల్కనీలో కూర్చుని అతను లెక్క రెండుసార్లు సరిచూశాడు. ఆ హుషారులో నా గడుసుతనం కూడా చెప్పేశాను.

"ఆ దినం నిన్ను కొద్దిసేపు ఆపాలని ముప్పై ఒకటితోని రెండుసార్లు చేసిన. నీకు ఎర్కలేదు."

"ఎర్కలేకేం? గా 9973 నాలుగంకెలల్ల ఆఖరి మొండిది. ఎన్నడో ఒక లారీ మీద చూసి తేల్చినం. నువ్వే మర్సిపోయినవ్," అన్నాడు. "నువ్వు నన్ను ఆపలే. నేనే కూసున్న."