గడపలో మూడు పిలుపులు

దయ్యాలను నేను నమ్మను. హాజరు పట్టీలో ఉండి క్లాసులో కనబడని మా విద్యార్థులు తప్ప, ఉండీ కనబడనివాళ్లెవరూ నాకు తెలియదు. ఆదిలాబాద్‌లో చరిత్ర పాఠాలు చెబుతాను.

పోయిన ఎండాకాలం మంథనిలో, గోదావరికి పోయే దారిలో ఉన్న ఒక పాత సత్రం చూడటానికి వెళ్లాను. గోడలో ఒక రాతిపలక ఉంటే ఫోటో తీసుకున్నాను. సత్రం నడిపేవాళ్లకూ, దిగే బాటసారులకూ పూర్వం పెట్టిన నియమాలు. వచ్చినవాడిని ఎవరు, ఏ కులం అని అడగకూడదు. సత్రం నడిపేవాళ్లు తాము తినేముందు గడపలో నిలబడి, ఆకలైనవాళ్లను మూడుసార్లు పిలవాలి. ఎవరైనా పలికితే, వాళ్లు తిన్నాకే తినాలి. బాటసారి పోయేటప్పుడు, తర్వాత వచ్చేవాడి కోసం కుండ నింపి పోవాలి.

ఇప్పుడు అక్కడ ఎవరూ దిగరు. సత్రం చూసుకునే నర్సవ్వకు డెబ్బై దాటాయి, మోకాళ్లు వంగవు. అయినా నాకు అన్నం, పచ్చిపులుసు పెట్టింది. నేను తిన్నాక గడపలో నిలబడి పిలిచింది.

"ఆకలైనోళ్లు ఎవలన్న ఉన్నరా?"

మిట్టమధ్యాహ్నం. వీధిలో కుక్క కూడా లేదు. చేయి కడుక్కోవడానికి వెళ్లిన నేను మూడో పిలుపుకు పెరటి గోడ చాటు నుంచి గొంతు మార్చి, "ఉన్ననవ్వా, వస్తున్న" అన్నాను. నా హాస్యానికి కాలేజీలో కొంత పేరుంది.

ఆమె నవ్వలేదు. ఇంకో విస్తరి వేసి పక్కన కూర్చుంది. నేను లోపలికి వచ్చి, నువ్వు తిను అన్నాను.

"పలికినంక ఎట్ల తింట సారూ? ఎంత దూరంకెల్లి వస్తుండో."

ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. కుండలో అడుగున మిగిలిన నీళ్లు కూడా తాగేసి, బస్సు టైమైందని లేచాను.

బస్టాండులో గంటసేపు కూర్చుని రెండు బస్సులు వదిలేశాను. ముసలామె నా మూలంగా పస్తు కూర్చుంది. చివరికి ఒప్పుకుందామని తిరిగి వెళ్లాను.

నర్సవ్వ తింటోంది. పక్కన, తిన్న విస్తరి మడిచి ఉంది.

"వచ్చిండు సారూ. కడుపు నిండ తిని పోయిండు. పిలిస్తె పలికిన గొంతే."

ఎవరతను అని అడిగాను.

"గట్ల అడగొద్దు గద. పలక ఫోటో తీసుకుంటివి, సదవలే?"

నిజం చెప్పడానికి నోరు రాలేదు. కనీసం కుండైనా నింపుదామని మూలకు వెళ్లాను. అంచుదాకా నిండి ఉంది. పెరటి బావి నుంచి కుండ దాకా నీళ్లు ఒలికిన తడి ఇంకా ఆరలేదు.

ఎవరు వచ్చారో నాకు నేటికీ అంతుపట్టలేదు. నర్సవ్వను గట్టిగా అడగాలంటే ముందు నేను చెప్పాల్సింది ఒకటుంది. అదింకా చెప్పలేదు.