ఫార్మాట్ తర్వాత కూడా అదే ఎర్రర్

జగిత్యాల గ్రంథాలయంలో కూర్చొని, పుస్తకాలు చూసి నాకు నేనే నేర్చుకుని, సి ప్లస్ ప్లస్‌లో చీర అంచుల డిజైన్లు గీసే ప్రోగ్రామ్ రాశాను. దాన్ని తెరమీద నడిపి చూపిస్తే డిజైన్ పని నాకే ఇస్తానని, సిరిసిల్లలో మా నాన్న బట్ట నేసే సాంచాల యజమాని అన్నాడు. వారం గడువు పెట్టాడు. కానీ తెరమీద చూపడానికి పైథాన్ అనే మరో కంప్యూటర్ భాష నుంచి నడిపిన ప్రతిసారీ ఒకటే ఎర్రర్: నా ఫంక్షన్ పేరు దొరకలేదని.

కోరుట్లలో కంప్యూటర్లు బాగుచేసే ఒకాయనకు లాప్‌టాప్ చూపించాను. తెరమీది ఆ లైను ఆయన చదవను కూడా లేదు.

“లైబ్రరీల సదివితే గివన్ని అస్తయా చెల్లె? వైరస్ ఉన్నది. పెట్టి పో, పొద్దుమీకి అచ్చి తీస్కపో” అన్నాడు.

సాయంత్రం నేను వెళ్లేసరికి ఫార్మాట్ కొట్టి, లాప్‌టాప్‌లో ఉన్నదంతా తుడిచేశాడు. ముందు నన్నొక్క మాట అడగలేదు. ప్రోగ్రామ్ మొత్తం పోయింది. ఆ కోపంలోనే మళ్లీ మొదటి నుంచి రాశాను. నడిపితే అదే ఎర్రర్, ఒక్క అక్షరం తేడా లేదు.

అప్పుడు, నా కోడ్ నుంచి తయారైన ఫైలులోని పేర్లన్నీ బయటికి తీసి చూశాను. ఆ ఫైలును తయారుచేసే కంపైలర్ నా ఫంక్షన్ పేరుకు ముందూ వెనకా తన అక్షరాలు తగిలించింది. పైథాన్ మాత్రం నేను పెట్టిన పేరుతోనే వెతుకుతోంది. పేరు మార్చవద్దని కోడ్‌లో ఒక్క మాట చేర్చగానే చీర అంచు తెరమీదికి వచ్చింది. అప్పటికే గడువు దాటి, పని వేరేవాళ్లకు పోయింది.

కోరుట్ల వెళ్లి ఆయన ముందే నడిపి చూపించాను.

“నడుస్తున్నది గదా, ఇంకేంది?” అన్నాడు. “ఫార్మాట్ కొట్టినంక ఎట్ల నడ్వది చెల్లె?”