పాపికొండల లాంచీలో మా అన్న ఇంజన్ గది

పాపికొండలు ఎలా ఉంటాయని మా వెంకన్నన్నను ఎప్పుడు అడిగినా నవ్వేవాడు. "నాకేమెరుక చెల్లె, నేనెప్పుడు జూసిన?" అనేవాడు. ఇరవై ఏళ్లకు పైగా ఆ కొండల మధ్యనే తిరిగిన మనిషి మాట ఇది! పైన జనం ఫొటోలు దిగుతుంటే, ఆయన కింద ఇంజన్ గదిలో డీజిల్ వాసన మధ్య చెమటలు కక్కుతూ ఉండేవాడు. ఇంజన్ డ్రైవరు అన్నమాట. ఆ చప్పుడుకు చివర్లో చెవులు బొత్తిగా పోయాయి. ఇంట్లో అన్నం పెట్టాలన్నా భుజం తట్టి పిలవాల్సిందే. పోయిన వానాకాలంలో జ్వరంతో దవాఖానాలో చేరి, మళ్లీ ఇంటికి రాలేదు. మణుగూరులో నా కుట్టు మిషన్ ముందు కూర్చున్నప్పుడల్లా ఒకటే ఆలోచన, ఆయన బతుకంతా గడిపిన చోటు ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా చూడలేదే అని. వరద తగ్గి లాంచీలు మొదలవగానే బయలుదేరాను.

మీరు కూడా ఇటునుంచే వెళ్లేట్టయితే తెల్లవారకముందే ఇల్లు కదలాలి. మణుగూరు నుంచి భద్రాచలానికి బస్సులో గంట పైనే పడుతుంది. ఆడవాళ్లం ఆధార్ కార్డు చూపిస్తే చాలు, టికెట్టు డబ్బులుండవు. అక్కడ ఇడ్లీ తిని, కూనవరం మీదుగా పోచవరం వెళ్లే జీపు ఎక్కాను. దాదాపు రెండు గంటల దారి, సగం అడవి. జీపు డ్రైవరు అద్దంలోంచి చూస్తూ, "ఒక్కదానివే వచ్చినవేందక్కా? టూరుకు ఒంటిగ ఎవరొస్తరు?" అన్నాడు. మా అన్న పనిచేసిన లాంచీ చూడడానికని చెప్పాను. ఆ తర్వాత అతను టేపు సౌండు తగ్గించాడు. లాంచీ టికెట్టు భోజనంతో కలిపి వెయ్యి రూపాయల దాకా అయింది.

లాంచీ రేవు వదులుతుండగానే గొడవ జరిగింది. పైన సరంగు, అంటే చుక్కాని పట్టే ఆయన, ముత్తయ్యన్న. అన్న నోట ఎన్నోసార్లు విన్న పేరు. ఆయన తాడు లాగి బెల్లు కొట్టి, చెవి రిక్కించి అలాగే నిలబడిపోయాడు. ఇంజన్ ఆడుతూనే ఉంది, లాంచీ మాత్రం ముందుకు పోవడం లేదు. నీటి వాలుకు పక్కకు కొట్టుకుపోయి, వెనక భాగం ఇసుకకు రాసుకుంది. పిల్లలు కెవ్వుమన్నారు. అప్పుడు ఆయన ఉలిక్కిపడి చుక్కాని పక్కనున్న లీవరు ముందుకు తోశాడు.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "ఎన్నిసార్లు జెప్పాలె ముత్తయ్యా? లీవరు నీ చేతిలనే పెట్టిచ్చినం గదా! ఇంకోసారి ఇసుకెక్కిందంటే రేపటి నుంచి ఇంటికాడనే ఉండు." ముత్తయ్యన్న తల వంచుకుని, "అవ్ సారు" అన్నాడు. తండ్రి వయసు మనిషిని అంతమందిలో అలా అనడం చూసి నాకు ఒళ్లు మండింది.

లాంచీ నది మధ్యకు వచ్చాక ఆయన దగ్గరికి వెళ్లి, నేను ఫలానా అని చెప్పాను. చుక్కాని వదలకుండానే నా మొహంలోకి చాలాసేపు చూశాడు. "గవే కండ్లు" అన్నాడు. అప్పుడు తెలిసింది అసలు సంగతి. ఈ లాంచీకి ఉన్నది ఒక్కటే ఇంజన్. ఈ యేటి దాకా దాన్ని నడపాలంటే కింద మనిషి ఉండాల్సిందే. ఒక బెల్లు కొడితే ముందుకు, రెండు కొడితే నెమ్మది, మూడు కొడితే వెనక్కి. కిందివాడు విన్నానని కింది నుంచి పైదాకా ఉన్న ఇనుప గొట్టం మీద పానాతో ఒక దెబ్బ కొట్టాలి. ఆ దెబ్బ వినబడ్డాకే సరంగు చుక్కాని తిప్పాలి. అన్న పోయాక ఇంకో డ్రైవరును పెట్టకుండా, మేనేజరు తీగ లాగించి లీవరు పైనే పెట్టించాడు.

"చెవులు పోయినంక బెల్లు ఎట్ల వినేవాడన్నా?" అని అడిగాను.

"వినేటోడు గాదు చెల్లె. బెల్లు గా గొట్టానికే బిగిచ్చి ఉంటది. మోగితే గొట్టం వణుకుతది. వెంకన్న దాని మీద చెయ్యేసి కూసునేటోడు." నీళ్ల వైపే చూస్తూ అన్నాడు, "చెయ్యి బెల్లు కొట్టనే కొడుతది. చెవి దెబ్బ కోసం సూస్తది. ఏం జెయ్యాలె?"

కిందికి పోతానంటే, ఇంజన్ బెల్టు పట్టాల జోలికి పోకుండా మెట్ల దగ్గరే కూర్చోమని ఒప్పుకున్నాడు. నిలబడితే తల తగిలే గది. లారీ ఇంజన్ అంతటిది గది నిండా కూర్చుని ఊగిపోతోంది. అడుగున నూనె కలిసిన నీళ్లు. కిటికీ లేదు. కొండలు నిజంగానే కనబడవు. మెట్ల పక్కనే ఒక చెక్క పీట, పీట పక్కన కొక్కేనికి పానా, ఎదురుగా గొట్టం. గొట్టం మీద ఒక్కచోట మాత్రం తుప్పు లేదు, నున్నగా మెరుస్తోంది. పీట మీద కూర్చుని అక్కడ చెయ్యి పెట్టి ఏడ్చాను. ఆ రొదలో ఎంత గట్టిగా ఏడ్చినా ఎవరికీ వినబడదు.

భోజనాలకు ఆగే పేరంటపల్లి దగ్గర పడుతుండగా చేతి కింద గొట్టం వణికింది, రెండుసార్లు. ఆలోచించలేదు. పానా తీసి ఒక దెబ్బ కొట్టాను. వెంటనే ఇంజన్ నెమ్మదించింది. లాంచీ మెత్తగా ఒడ్డు చేరింది. అన్న స్థానంలో ఒక్క క్షణం నేనున్నానని ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను.

ఒడ్డున అందరూ అన్నాలు తింటున్నారు. ముత్తయ్యన్న విస్తరి ముట్టకుండా వచ్చి నా పక్కన కూర్చున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నువ్వేనా కొట్టింది?"

"అవునన్నా."

"నువ్వు కింద ఉన్నవన్న సంగతే యాది రాలే. వాడే అనుకున్న." కండువాతో మొహం తుడుచుకున్నాడు. "మల్ల కొట్టకు చెల్లె. ఇయ్యాల వినబడితే రేపు గూడ దెబ్బ కోసం సూస్త. సూసుకుంట ఆగితే పడవ ఇసుకెక్కుతది. నాకు ఇంకో పని రాదు."

తలూపాను.

తిరుగు ప్రయాణంలో అందరూ కొండల్లో దిగే పొద్దును చూస్తుంటే, నేను మళ్లీ ఆ పీట మీదే కూర్చున్నాను. పానా కొక్కేనికే ఉంచి, చెయ్యి మాత్రం నున్నటి చోట పెట్టాను. ఇంజన్ నెమ్మదించింది. తర్వాత వెనక్కి తిరిగింది. లాంచీ ఎక్కడా తగలకుండా రేవుకు ఆనుకుంది. నా చేతి కింద గొట్టం ఒక్కసారి కూడా వణకలేదు. ఆయన బెల్లు కొట్టలేదు.

పైకి వచ్చేసరికి మేనేజరు, "గిట్ల నడిపితే ఏం బాధ?" అని ఆయన భుజం తడుతున్నాడు. ముత్తయ్యన్న నా వైపు చూడలేదు. ఆయన పని నిలబడినందుకు సంతోషించాల్సిందే, సంతోషించాను కూడా. కానీ మా అన్న నాకు రెండోసారి పోయినట్టయింది. దవాఖానాలో పోయిన రోజు చుట్టూ పదిమంది ఉన్నారు. ఈసారి జరిగింది నాకూ ముత్తయ్యన్నకూ తప్ప ఎవరికీ తెలియదు.

ఒక్క చిట్కా. లాంచీలో వెనక సీట్లు ఇంజన్ గది మీదే ఉంటాయి, చప్పుడని వాటిని ఎవరూ తీసుకోరు, అడిగితే వెంటనే ఇస్తారు. నీళ్లు అక్కడి నుంచే బాగా కనిపిస్తాయి. చెవుల్లోకి కాస్త దూది మాత్రం తీసుకెళ్లండి. మా అన్నకు అది ఎవరూ చెప్పలేదు.