గంటె ఫోటో

రాష్ట్రం కోసం రోడ్ల మీద వంటావార్పులు జరుగుతున్న రోజుల్లో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అన్నీ ఒకే జిల్లా. ఆ జిల్లాలో మెడలో కెమెరా వేసుకుని పత్రిక కోసం తిరిగే ఆడది, నాకు తెలిసినంతలో, నేనొక్కదాన్నే. జనగామలో మా బాపు స్టూడియోలో పెళ్లిళ్లు తీసి తీసి చేయి తిరిగాక ఒక పత్రికలో చేరాను. ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కుతుంటే మా ఇన్‌చార్జి నన్ను ముగ్గుల పోటీలకు పంపేవాడు. ధర్నాల్లో ఆడవాళ్లకు తోపులాట కష్టమట. ధర్నా చేసేవాళ్లలో సగం మంది ఆడవాళ్లేనని ఆయనకెవరూ చెప్పినట్టు లేదు. నాకు ఒళ్లు మండేది.

అలాంటప్పుడు వచ్చింది జర్మనీ ఆవిడ. అరవై దాటిన మనిషి, పొట్టి జుట్టు, మోకాళ్ల దగ్గర వెలిసిపోయిన ప్యాంటు. యుద్ధాలు తీసింది, గనులు తీసింది, పెద్ద అవార్డు అందుకుంది. మా ఉద్యమాన్ని చూడాలి, తోడుగా ఒక ఆడమనిషి కావాలని అడిగితే హైదరాబాద్‌లో తెలిసినాయన ఒకరు నన్ను చూపించారు. ఆవిడ ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ రెండూ కుంటివే కాబట్టి ఒకరి మాట ఒకరికి బాగానే అర్థమయ్యేది.

దేవరుప్పుల దాటాక జీపులో తన సంగతి చెప్పింది. ఇరవై ఏళ్ల వయసులో సొంత ఊరి పత్రికలో చేరితే పూల ప్రదర్శనలకూ కుక్కల పోటీలకూ పంపేవారట. ముగ్గులకు బదులు కుక్కలు, అంతే తేడా. ఒకరోజు ఉక్కు కార్ఖానా ముందు సమ్మె జరుగుతోందని తెలిసి, కుక్కలను వాటి మానాన వదిలేసి అక్కడికి పోయింది. ఆ ఉద్యోగం ఊడింది. ఆ సమ్మె ఫోటోలు చూసే ఇంకో పత్రిక పిలిచింది. తర్వాత అవార్డు సభలో ఒక పెద్దమనిషి చేయి కలిపి, మీ ఆయన చాలా బాగా తీశాడమ్మా అన్నాడట. నాకు ఆయన లేడు, కెమెరా ఉంది అని చెప్పిందట ఈవిడ. నేను పగలబడి నవ్వితే ఇంగ్లీషు ముక్క రాని డ్రైవరు కూడా నవ్వాడు.

ఆవిడకు పనిలో ఒకటే పట్టు. ఎవరినీ ఏదీ ఫోటో కోసం మళ్లీ చేయమని అడగదు. మా దగ్గరేమో "అన్నా, ఇంకోసారి" అన్నదే తారకమంత్రం. పిడికిలి ఇంకోసారి, జెండా ఇంకోసారి. వంటావార్పు సంగతైతే చెప్పనే అక్కర్లేదు. కట్టెలు మోసేది, నీళ్లు మోసేది, పొగలో కూర్చుని వండేది తండా ఆడవాళ్లు. అన్నం ఉడికే వేళకు నాయకుడు కారు దిగి, గంటె అందుకుని గంజులో పెట్టి, మా వైపు తిరిగి నవ్వుతాడు. మర్నాడు అన్ని పత్రికల్లో అదే బొమ్మ, గంటె, పళ్లు.

డోర్నకల్ వైపు రోడ్డు మీద ఆ రోజు వంటావార్పు. దారిలో ఉండగానే ఇన్‌చార్జి ఫోన్ చేశాడు. వచ్చే నాయకుడు పత్రికకు ప్రకటనలిచ్చే భూస్వామి, గంటె ఫోటో లేకుండా ఆఫీసుకు రావద్దన్నాడు. తెస్తే ముగ్గులు బంద్, ఇకనుంచి ఉద్యమం వార్తలన్నీ నాకే అన్నాడు. ఆ మాట కోసం నేను కలలు కన్నాను.

ఆవిడకు చెబితే, తీయొద్దంది. నాకు తిక్క రేగింది.

"నీకేంది, రేపో మాపో విమానమెక్కి పోతవ్. నేను గీడనే బతకాలె," అని తెలుగులోనే అరిచి, తర్వాత ఇంగ్లీషులో అదే చెప్పాను.

"అవును, నేను పోతాను. అందుకే ఇక్కడి ఫోటో నువ్వు తీయాలి," అంది. కెమెరా సంచిలో పెట్టేసి, ఉల్లిగడ్డలు కోస్తున్న ఆడవాళ్ల పక్కన చతికిలబడింది. తీయొద్దంటూ తీయమనడమేమిటో నాకు అప్పుడు బోధపడలేదు.

నాయకుడు దిగాడు. తెల్లచొక్కా మల్లెపువ్వులా ఉంది. ఫోటోగ్రాఫర్లందరం మూగాం. గంటె కోసం చేయి చాచాడు. తండా ఆడవాళ్లు లంబాడీలో ఏదో అనుకుని నవ్వుకున్నారు. వాళ్లలో పెద్దామె గంటె వెనక్కి తీసుకుంది.

"పటేలా, గంటె తర్వాత పడుదువు. ముందు జర పొయ్యి ఊదు. కట్టెలు పచ్చిగున్నయ్."

రోడ్డంతా చూస్తోంది, కాదంటే పరువు పోతుంది. కూర్చున్నాడు, ఊదాడు. పొగ మొహాన కొట్టింది. కళ్లలో నీళ్లు, మీసాలకు బూడిద. ఆయన నెత్తి మీదుగా ఆమె గంటె పట్టుకుని నిలబడి, ఇంకా ఊదమన్నట్టు చూస్తోంది. మిగతా ఫోటోగ్రాఫర్లు ఆయన గంటె పట్టేదాకా కెమెరాలు దించుకుని నిలబడ్డారు. నేను తీశాను. జర్మనీ ఆవిడ ఏ ఫోటో తీయమందో ఆ క్షణంలో అర్థమైంది.

ఆయన లేచి కళ్లు తుడుచుకుని గంటె పట్టాడు. అందరూ టకటకా ఫోటోలు కొట్టారు. నా కెమెరా లేవకపోవడం చూసి, "చెల్లె, గా పొగ ఫోటో చెరిపెయ్యి. ఇంకోసారి తియ్యి," అన్నాడు.

"అయిపోయిందన్నా," అన్నాను. కెమెరాకు మూత పెట్టేశాను.

ఆఫీసులో ఆ ఒక్క ఫోటోనే ఇచ్చాను. ఇన్‌చార్జి నన్ను నానా మాటలూ అని, పత్రిక కార్డు బల్ల మీద పెట్టి పొమ్మన్నాడు. పెట్టేసి బయటికొచ్చి ఏడ్చాను. బాధ కంటే కోపం ఎక్కువ ఆ ఏడుపులో.

మర్నాడు ఇద్దరం భూపాలపల్లి పోయాం. బొగ్గుగని గేటు ముందు కార్మికులు సమ్మెలో కూర్చున్నారు. కానిస్టేబుల్ తెల్లావిడ కార్డు చూసి సలాం కొట్టి వదిలాడు. నాకు లాఠీ అడ్డం పెట్టి, ఏ పత్రిక, కార్డేదని అడిగాడు. ఆవిడ వెనక్కి తిరిగి నా తరఫున ఏదో చెప్పబోయింది. చేత్తోనే వద్దన్నాను.

"ఏ పత్రిక గాదు. రాష్ట్రం అడిగేటోళ్లల్ల నేనొకదాన్ని. మావోళ్ల ఫోటో తియ్యనీకి నాకెవని కార్డు?"

సారు తిడతాడమ్మా అని నసిగాడు పాపం. ఉద్యోగం చేసేవాడు, అతని భయం అతనిది. నా భయం మాత్రం నిన్న ఆ బల్ల మీద కార్డుతోపాటే వదిలేసి వచ్చాను. లాఠీని చేత్తో పక్కకు జరిపి లోపలికి నడిచాను.