అంటదని చెప్పిన కళ్ళకలక

ఆ రోజుల్లో, అంటే గల్ఫ్‌లో డేరా అనే పేటలోని ఒక కంటి క్లినిక్‌లో నాకు కొత్తగా ఉద్యోగం దొరికిన రోజుల్లో, నడకలోనే కాస్త గీర ఉండేది. డాక్టరుగారు జబ్బు పేరు రాస్తే, లావుపాటి పుస్తకంలో వెతికి దానికో నంబరు వేసి ఇన్సూరెన్సు వాళ్ళకు పంపడం నా పని. (రోగి మొహం చూడాల్సిన అవసరమే లేదు.) కళ్ళకలకకు ఒక నంబరు, కనురెప్ప వాపుకు ఇంకొకటి. మొదటిది అంటుకుంటుంది, రెండోది అంటదు. ఏడాది తిరక్కుండానే సగం డాక్టరునైపోయాననుకున్నాను.

సరిగ్గా పెళ్ళిచూపుల శుక్రవారమే నా ఎడమ కన్ను ఉబ్బి కూర్చుంది. అప్పటికే వచ్చిన సంబంధాలు తప్పిపోయాయి. ఈ అబ్బాయి, జెబెల్ అలీ రేవులో గోడౌన్ సూపర్‌వైజరు, ఫోటోలోనే నాకు తెగ నచ్చేశాడు. ఇదీ తప్పిపోతుందేమోనని ఒకటే బెంగ. "కళ్ళకలకేమోనే! అతని కళ్ళల్లోకి చూడకు, చూస్తే అంటుకుంటుంది" అంటూ మా అక్క వెళ్ళి బావ పెట్టుకునే నల్లకళ్ళద్దాలు తెచ్చి నాకు పెట్టేసింది. ఆ చీకట్లో పెళ్ళికొడుక్కి ఇవ్వాల్సిన కాఫీ బావకి ఇచ్చాను.

"కళ్ళకలకా అండీ?" అని అడిగాడు పెళ్ళికొడుకు.

నాలోని సగం డాక్టరుకి పౌరుషం వచ్చింది. "కాదండీ, రెప్ప వాపు. దాని నంబరే వేరు. ఇది అంటదు."

"అయితే ఆ అద్దాలు తీసెయ్యండి మరి."

తీశాను. అతను కాసేపు చూసి, "బాగా నొప్పిగా ఉందా?" అన్నాడు. అంతకుముందు వచ్చినవాళ్ళు జీతం అడిగారు, వంట అడిగారు. నొప్పి సంగతి ఎవరూ అడగలేదు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. అతను జేబురుమాలు ఇచ్చాడు. నేను కళ్ళు తుడుచుకుని, మర్యాదగా దాన్ని తిరిగి ఇచ్చేశాను.

మర్నాడు డాక్టరుగారు నా కన్ను చూసి, అది అచ్చమైన కళ్ళకలకేనని, నంబర్లు వేసేవాళ్ళు జబ్బులు తేల్చకూడదని నవ్వుతూ చీవాట్లు పెట్టారు. ఆ వారంలోనే అతను క్లినిక్‌కి వచ్చాడు. రెండు కళ్ళూ ఎర్రగా మందారాల్లా ఉన్నాయి. ఈ సంబంధం కూడా ఖలాస్ అనుకున్నాను.

"అంటదన్నారు కదండీ?" అన్నాడు.

"ఇంట్లో ఏం చెప్పారు?" అని అడిగాను.

"గోడౌన్ దుమ్ము పడిందని ఫోన్లో చెప్పానండీ. మీ వల్లేనంటే మా అమ్మ పెట్టించిన ముహూర్తం కాస్తా వాయిదా వేసేస్తుంది."

అతని కాగితం మీద కళ్ళకలక నంబరు నేనే వేశాను. ఉబ్బిన కన్నుతో, అంత ధీమాగా, అంత తప్పుగా మాట్లాడిన అప్పటి నాలోని ఆ పిల్లంటే నాకిప్పటికీ ముద్దే. ఆ ధీమాలో పిసరంత ఇప్పుడుంటే బాగుండును.